గురువారం, తొమ్మిదీ ఏడు

గాలి పుట్టిన ఊరంటారు మా లియెపాయను.
అందుకే కాబోలు
గాలిమాటలంటే చెవి కోసుకుంటాను.

బేకరీలో డ్యూటీ పదకొండింటికి.
అంతవరకూ వంటగది కిటికీ దగ్గర
నేనూ, లాట్లు చెల్లిన రోజుల్లో
సంతలో పన్నెండిచ్చి కొన్న ఈ బండ రేడియో.
ఏరియల్ తీగ కిటికీ దాటి
పై అంతస్తు కొక్కెం దాకా పాకింది.
మిల్దా గారు అది బట్టల తాడనుకుని
రెండుసార్లు మేజోళ్లు ఆరేసింది.
మేజోళ్లున్న రోజున ఆఫ్రికా బాగా వినిపించింది.

ముల్లు జరుపుతాను, వెంట్రుకవాసి.
ఒకచోట, ఎక్కణ్ణుంచో చెప్పని ఒకాయన
ఎవరో పెద్దమనిషి గద్దె దిగాలని రొప్పుతున్నాడు.
అతని గొంతు మీద ఇంకెవరో రంపం పెట్టారు.
రంపం ఆగిన సందుల్లో అతను ఊపిరి తీసుకుంటాడు,
మాట్లాడటం మరిచిపోయి.
ఒకచోట రెండు చేపల పడవలు
హెర్రింగు ధర మీద తిట్టుకుంటున్నాయి.
మరోచోట ఉత్త చిటపట,
కాగే నూనెలో ఎవరో తడిచెయ్యి విదిలించినట్టు.

గురువారం తొమ్మిదీ ఏడుకి, ఆమె.
ముందు గంట మూడుసార్లు.
తర్వాత అంకెలు, ఐదేసి.
నాలుగు, నాలుగు, సున్నా, తొమ్మిది, రెండు.
ఆమె భాషలో నాకు అంకెలు తప్ప ముక్క రాదు.
ఏ ఇంటి నంబరైనా తడుముకోకుండా చెప్పగలను,
ఆ ఇంట్లోకి రమ్మంటే
పలకరించడం చేతకాదు.

ఆ అంకెలు నాకు కావు.
పదకొండేళ్లుగా
ఎవరి ఉత్తరాన్నో విప్పకుండా
అరచేతిలో బరువు చూస్తున్నాను.

వెంట్స్‌పిల్స్‌లో గున్వాల్దిస్ ఉన్నాడు, రేవులో క్రేను నడుపుతాడు.
విన్న ప్రతి స్టేషనుకూ ఉత్తరం రాస్తాడు,
విన్నట్టు కార్డు పంపమని.
గోడ నిండా కార్డులే.
ఈమెకు ఎక్కడికి రాయాలి?
లేని చోటికి స్టాంపు ఎంత?

మార్చిలో, పద్దెనిమిదో వరస దగ్గర
ఆమె దగ్గింది.
ఒక్కటే. పొడి దగ్గు.
చెయ్యి అడ్డం పెట్టుకోబోయి ఆలస్యమైన దగ్గు.
కాగితం కదిలింది. గ్లాసు ఎక్కడో తగిలింది.
మళ్లీ ఏడు, ఒకటి, ఒకటి.

నోటుబుక్కులో రాశాను: తొమ్మిదీ పద్నాలుగు, దగ్గు.
పెన్ను కాసేపు అక్కడే ఆగింది.
గున్వాల్దిస్‌కి ఫోను చేస్తే తనూ విన్నాడట.
“అది కూడా సంకేతమేమో” అన్నాడు.
“పిండి ధూళికి నేనూ దగ్గుతాను,
నా సంకేతం ఎవరు విప్పాలి?” అన్నాను.
ఇద్దరం నవ్వలేదు.

ఆ వారమంతా అదే ధ్యాస.
ఆ గదికి కిటికీ ఉందా, చలికాలం వెచ్చగా ఉంటుందా,
ఇంటికి ఏ బస్సెక్కుతుంది,
బస్సులో పక్కావిడ ఏం పని చేస్తావంటే
ఏమని చెబుతుంది?
ఉల్లిపాయ రసంలో తేనె కలుపుకోమని చెబుదామంటే
నా రేడియోకి చెవే తప్ప నోరు లేదు.

మరుసటి గురువారం, గంట మూడుసార్లు.
గొంతు అదే.
కానీ ప్రతి నాలుగూ అచ్చం ఒక్కలాగే ఉంది.
ముందటి నాలుగులో సన్నటి వణుకేదో
తర్వాతి నాలుగులోనూ అదే వణుకు,
ఒకే సాంచాలో పోసినట్టు.
ముక్కలుగా కోసి అతికించారు ఆమెను.
నోటుబుక్కులో ఏం రాయాలో తోచక
“సిగ్నల్ స్పష్టం” అని రాశాను.

తెల్లవారి నాలుగింటికి
పొయ్యిలోంచి తీసిన రొట్టెలు పేర్చుతుంటే డాగ్నియా,
కొత్తపిల్ల, ఇంకా మణికట్లు కాల్చుకునే దశ,
“ఏ భాషలో లెక్కపెడుతున్నావు వెల్గా?” అంది.

తెలీదన్నాను.
ఐదు రొట్టెలు. ఆగాను. మళ్లీ ఐదు.
గొంతులో ఏదో అడ్డం పడింది.
పిండి వల్లే, అన్నాను,
తను అడక్కుండానే.