ఐదు కుర్చీలు, రెండు నీలం గొడుగులు

నవంబరులో మొదటి ఉత్తరం వచ్చింది ఫోనులోకి.
పేరు హానెకె. ఊరు గ్రోనింగెన్, నాకు నోరు తిరగదు.
"మేం ఐదుగురం. మా అత్తగారికి మోకాలు అరిగింది.
ఓడవాళ్ళ టూరు తలకి తొంభై డాలర్లట,
మా అంతట మేమే వస్తాం.
నీ దగ్గర కుర్చీ ఎంత? నీడ ఉంటుందా?
ఇసకలోకి మెట్లెన్ని?"

మెట్లు నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
ఆ సాయంత్రమే వెళ్ళి లెక్కపెట్టాను. పదకొండు.
ఎనిమిదోది ఊగుతుంది. అదీ రాశాను.

ఇక వారానికో ప్రశ్న.
మరుగుదొడ్డి ఎంత దూరం?
డెబ్బై అడుగులు, తాళంచెవి నా నడుముకే ఉంటుంది.
చిన్నదానికి వేరుశనగ పడదు, ఏం వండుతావు?
నిప్పుల మీద కాల్చిన సీమపనస, చేప, నిమ్మకాయ.
మీ గడియారమా, మా గడియారమా?
ఓడది ఒక గంట ముందుంటుంది. దాన్నే నమ్ము,
ఓడ ఎవరి కోసమూ ఆగదు.

అడగనిది కూడా ఒకటి చెప్పాను:
ఆ చివర, మొదలుకి ఎర్రరంగు పూసిన చెట్టు కిందికి
పిల్లల్ని పోనివ్వకు.
వానలో దాని ఆకుల మీంచి జారే నీళ్ళు ఒళ్ళు కాలుస్తాయి.

ఫిబ్రవరిలో ఆమె పట్టిక పంపింది, గళ్ళు గీసి.
తొమ్మిది నలభైకి రేవు. పదింబావుకి ఇసక.
పన్నెండున్నరకి భోజనం.
ఒంటిగంటకి "ఏమీ చెయ్యకపోవడం" అని రాసింది,
దానిక్కూడా నలభై ఐదు నిమిషాలు కేటాయించి.
నవ్వుకున్నాను.
తర్వాత ఆ గడి వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

పదహారేళ్ళుగా ఈ బెక్వే ఒడ్డున కుర్చీలు అద్దెకిస్తున్నాను.
వాటి గుడ్డలు కుట్టింది మా అమ్మ ఈనిడ్.
వాటిలో మాలో ఒక్కరం ఏనాడూ నడుం వాల్చలేదు.
అమ్ముకునే సరుకు నాలిక మీద పెట్టకూడదని
మా అమ్మ శాస్త్రం.

ఆ రోజు రానే వచ్చింది. ఓడా వచ్చింది,
కొండ పక్కన ఇంకో తెల్లకొండలా.
రాత్రి నుంచే ఉత్తరపు అల లేచి ఉంది.
చిన్న పడవలు దింపబోయారు, పైకి లాగేశారు.
మళ్ళీ దింపలేదు.
రేవులో మా తమ్ముడు ఆర్డన్
తప్పు అక్షరాలతో ఆమె పేరు రాసిన అట్ట పట్టుకుని
అలాగే నిలబడ్డాడు.

ఫోను మోగింది.
"మీ ఒడ్డు కనిపిస్తోంది. నీలం గొడుగులు రెండు.
అవి మావేనా?"

మీవే, అని కొట్టాను.
ఓడ పొడుగ్గా కూత వేసి వీపు తిప్పింది.
నా జవాబు వెళ్ళిందో లేదో
ఇప్పటికీ ఒక్క టిక్కే కనిపిస్తుంది.

చేప ఆగదు కదా. కాల్చిన సీమపనస అసలాగదు.
ఆర్డన్‌ని పిలిచాను. బడి ఎగ్గొట్టించి
కెస్రాన్‌నీ జోవెల్‌నీ పిలిచాను. అమ్మని పిలిచాను.
ఆమెకీ మోకాలు అరిగిందన్న సంగతి
ఎనిమిదో మెట్టు దగ్గర నా చెయ్యి పట్టుకుంటే తెలిసింది.

పట్టిక జోవెల్ చేతిలో. అది పోలీసు కన్నా కఠినం.
ఈత అంది. అల పెద్దది, మోకాళ్ళ దాకానే అన్నాను.
భోజనం అంది, తిన్నాం. ముళ్ళు ఏరి
అమ్మ అందరికన్నా ఆఖర్న తినబోతే
"నీకూ పన్నెండున్నరే" అని గదమాయించింది.

ఒంటిగంట.
ఏమీ చెయ్యకపోవడం ఎలాగో అమ్మకి తెలీలేదు.
కుర్చీ అంచు తడిమి తన కుట్టే తాను చూసుకుంది,
ఒక దారం పళ్ళతో తెంపింది,
సముద్రం ఇటువైపు నుంచి ఇలా ఉంటుందా అంది.
పుట్టింది ఇక్కడే.
తర్వాత నోరు కొద్దిగా తెరుచుకుని
నిద్రపోయింది.
గొడుగు నీడ జరిగినప్పుడల్లా గొడుగు జరిపాను.

ఆమె కట్టిన ఇరవై డాలర్ల బయానా
ఏ దారిన వెనక్కి పంపాలో ఇంకా తేలలేదు.
డబ్బాలో విడిగా పెట్టాను.

మూడుంబావుకి జోవెల్ కేక:
"లేవండి లేవండి, ఓడెళ్ళిపోతుంది!"
ఎందుకో తెలీకుండానే పరిగెత్తాం,
తువ్వాళ్ళు భుజాన, ఇసక కాళ్ళ, పదకొండు మెట్లూ,
పైన నిలబడి రొప్పుతూ నవ్వుతూ
ఖాళీ సముద్రం చూశాం.

కింద అమ్మ కదల్లేదు.
"అమ్మా, ఓడ!" అని అరిచాడు ఆర్డన్.

కళ్ళు తెరవకుండానే అంది:
"వెళ్ళనీ."