ఒకసారి లాగితే

ఓడ అడుగున ఎల్లాజీ,
పైన పడవలో తాడు పట్టుకుని నేను.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగం.
ఒకసారి లాగితే, బాగున్నావా అని.
నాలుగుసార్లు లాగితే, ఇంక వచ్చెయ్ అని.
హార్బర్ నీళ్ళలో తన చెయ్యి తనకే కనపడదు,
మాటలన్నీ తాడులోనే.

ఆ రోజు కూడా పట్టిక ప్రకారమే పైకొచ్చాడు.
ఆగాల్సిన చోటల్లా ఆగాడు,
గడియారం నా చేతిలోనే ఉంది.
అయినా పడవెక్కాక
ఎడమచేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది.
"సెయ్యి నాది కాదురా బావా" అని నవ్వాడు.
నోరు ఒక పక్కే నవ్వింది.

గాలిబుడగ, అంది డాక్టరమ్మ.
ఊపిరితిత్తుల్లో వడకట్టుకుపోవాల్సింది
గుండె పైగదుల మధ్య మూసుకోని కిటికీలోంచి
అడ్డదారిన తలకెక్కిందట.
కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఉంటుందట,
పుట్టి కేరుమన్నాక దానంతటదే మూసుకోవాలట,
నలుగురిలో ఒకరికి గడియ పడదట.
"మాయమ్మకి తొమ్మండుగురం.
ఎందరి తలుపులని సూస్తాది?" అన్నాడు ఎల్లాజీ.

ఉప్పునీళ్ళు నురగొచ్చేలా గిలక్కొట్టి
చేతి నరంలోకి ఎక్కించి, ముక్కమన్నారు.
తెర మీద కుడిగది తెల్లగా పొంగింది,
యారాడ రాళ్ళ దగ్గర అల విరిగినట్టు.
ఆ తర్వాత గోడ దాటి ఎడమకి
ఒక చుక్క. మూడు. పదకొండు.
లెక్కపెట్టాను.
పైనున్నవాడి పని అదే కదా.

శుక్రవారం లోపలికి తీసుకెళ్ళారు.
తొడ నరంలోంచి గుండె దాకా తీగ.
దాని కొస ఎవరి చేతిలోనో ఉంది.
బయట ఇనపకుర్చీలో నా అరచేతులు
ఖాళీగా, దురదగా.
ముడుచుకుని వెళ్ళిన జాలీ అక్కడ విచ్చుకుంటుందట,
గోడకి అటొక బిళ్ళ, ఇటొక బిళ్ళ, నడుమ సన్నని మెడ.
వదిలేముందు ఒకసారి లాగి చూస్తారట,
పట్టిందా లేదా అని.
డాక్టరమ్మ ఆ మాట చెబుతుంటే
నేను ఆవిడ చేతులకేసి చూశాను.
కాయలు లేవు.

ఆరునెలలు నీళ్ళలో దిగకూడదు.
జాలీ మీద కండ పెరగాలి.
ఇన్నేళ్ళూ ఓడలకి పట్టిన గుల్ల గీకినవాడు,
ఇప్పుడు లోపలొకటి పట్టాలని ఎదురుచూడాలి.
"కూలెవడిస్తాడు?" అన్నాడు, బిళ్ళల చీటీ మడుస్తూ.
నాకూ తెలీదు.

స్కూటర్ మీద వెనక కూర్చోబెట్టుకుని వస్తున్నాను.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర, లారీల దుమ్ములో,
నా చొక్కా అంచు ఒక్కసారి లాగాడు.
ఎడమచేత్తోనే.
బాగున్నావా అని అడిగాడో,
బాగున్నానని చెప్పాడో,
రెంటికీ లాగుడు ఒకటే.
నా రెండు చేతులూ హ్యాండిల్ మీదున్నాయి.
హారన్ ఒకసారి కొట్టాను.
ముందున్న ఆటోవాడు వెనక్కి తిరిగి తిట్టాడు.