నీళ్ళరాయి

కార్వాన్ దాటుతుంటే వెనక చక్రం కూర్చుండిపోయింది.
బండి తోసుకుంటూ వెళ్ళి, ఆగిన చోటు చూసి
కాళ్ళు నావి కావనిపించింది.
పద్నాలుగేళ్ళుగా ఈ మలుపు తప్పించుకుని
చుట్టు తిరిగి ఇంటికి పోతున్నవాణ్ణి.

షంషుద్దీన్ పంక్చర్ దుకాణమంటే
ఒక గాలి మిషన్, ఒక నీలం పట్టా.
పట్టా ఒక కొస కట్టింది గోడలోని ఇనుప కొక్కేనికి.
ఆ కొక్కేనికి ఒకప్పుడు గంట తాడు చుట్టేవారు.
నాకు తెలుసు. కొలిచింది నేనే:
నేల నుంచి నాలుగడుగుల ఏడంగుళాలు.

ఫిరంగులు పేల్చడానికొచ్చిన పరదేశులు
గోలకొండ జీతం తింటూ కట్టుకున్న గుడి
అనేవారు ఇక్కడివాళ్ళు.
కాగితమేదీ లేదు.
కాగితం లేనిదాన్ని మా ఆఫీసులో
'పాత కట్టడం' అని రాస్తాం,
కింద గీత కొట్టి, పొడవు, వెడల్పు.

రోడ్డుకి కావలసింది పదకొండడుగులు.
ఎర్రరంగు డబ్బాలో కుంచె ముంచి
బలిపీఠాన్ని ఒరుసుకుంటూ గీత గీశాను.
నా గీత ఎప్పుడూ వంకర పోదు.
గుడి ఊడ్చే ఇన్నాసమ్మ చీపురు కింద పెట్టి
"ఇది ఎంత లోతు పోతది సారూ?" అంది.
గీతకి లోతుండదమ్మా, అన్నాను.

ఆదివారం వద్దన్నారని సోమవారం కూల్చాం.
బెల్లం, కరక్కాయ వేసి నూరిన డంగుసున్నం
జేసీబీ పన్నొకటి విరగ్గొట్టింది.
వేలికంటిన పొడి
ఎవరూ చూడకుండా నాలుక్కి రాసుకున్నాను.
తీపి లేదు.
పలక బలపం రుచి.

తలుపు జియాగూడలో మేకల దొడ్డికి పోయిందట.
గంటని శౌరయ్య మాస్టారు బడికి మోసుకెళ్ళాడు,
బీటతో మోగితే పిల్లలు నవ్వుతున్నారని
చీరువాలో దాచాడట.
ఇక్కడ మిగిలింది నడుమెత్తు గోడ,
దాని మీద మూడడుగుల నా ఎర్ర గీత, వెలిసి.
పక్క గోదాము గోడకి
ఆనుకుని నిలబడిన కప్పు వాలు జాడ:
రోజూ ఒకేచోట తల ఆనించి కూర్చున్న మనిషి
పోయాక మిగిలే నూనె మరకలా.

షంషుద్దీన్ ట్యూబు లాగి నీళ్ళలో ముంచాడు.
ప్లాస్టిక్ టబ్బు కాదు. నల్లరాతి గిన్నె,
అంచున ఎనిమిది రేకులు, ఒకటి చితికింది.
నా ఫీల్డు పుస్తకంలో దాని పేరు
'రాతి తొట్టి, ఒకటి, తరలించ వీలుకాదు.'
పసిపిల్లల మాడు తడిపిన రాయి అని
రాయడానికి గడి లేదు.

ట్యూబు మెల్లగా తిప్పుతూ ఒక చోట ఆపాడు.
"ఇగో సార్, ఇక్కడ ఊపిరి తీస్తున్నది."
బుడగలు. ఒకటి, ఇంకొకటి,
తొందర లేకుండా.

తుడుస్తూ తనే మొదలుపెట్టాడు:
"ఒక ముసలమ్మ వస్తది సార్, క్రిస్మస్ ముంగట.
ఈ మురికి పారబోసి కొత్త నీళ్ళు పొయ్యమంటది.
పోస్త. ఎందుకని అడగలే.
పోయినేడు మనవణ్ణి ఎత్తుకొచ్చింది, ఇంతంత పోరడు.
వాని తల మీద మూడు చుక్కలు ఆమెనే పోసుకున్నది.
నేను గాలి మిషన్ బంద్ చేసిన.
శానా సప్పుడు చేస్తది గద."

ఆ ముసలమ్మ ఇప్పుడు ఎక్కడుంటుందో అడగాలి.
నోటిదాకా వచ్చింది.
"ఎంత?" అన్నాను.
"అరవై."

చక్రం బిగించేటప్పుడు నేనూ ఓ చెయ్యి వేశాను,
అరచేతుల నిండా గ్రీజు.
"కడుక్కోండి సార్" అని
ఆ రాతి గిన్నెలోంచి మగ్గుతో ముంచి పట్టుకున్నాడు.
నీళ్ళు అంచు నుంచి ఒక్కో బొట్టు కారుతున్నాయి.

వద్దన్నాను.
నల్లటి చేతులతోనే హ్యాండిల్ పట్టుకున్నాను.