అతుకు

బండి వచ్చినప్పుడు బాగానే ఉంది.
అదే దాని రోగం.

ఆటోనగర్, నాలుగో అడ్డరోడ్డు, మా రేకుల షెడ్డు.
రోహిణి కార్తె, పొద్దున పదకొండు.
నేలబారు ఎర్ర కారు, రెండే తలుపులు,
మీట నొక్కితే రెప్పలెత్తే దీపాలు.
విప్పేసిన లారీ చాసిస్‌ల మధ్య
పేరంటానికి బయల్దేరి దారి తప్పిన ముత్తైదువలా నిలబడింది.

దిగినాయన దేవభక్తుని శరభయ్య.
గాంధీనగర్లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు, ఇప్పుడు మూత.
ఎనభై తొమ్మిదిలో ఎవరో నిర్మాత
బాకీ కింద తాళాలు బల్ల మీద పడేసి పోయాడట.
"సినిమా మూడు రోజులు ఆడింది.
ఇది ఇంకా ఆడుతోంది."

దీనికి ముల్లు లేదు. స్పీడు, పెట్రోలు, వేడి
అన్నీ పచ్చటి అంకెలే.
"బెంజి సర్కిల్ దాకా వెలుగుతాయి.
అక్కణ్ణించి అమావాస్య.
గుద్దితే వస్తాయి"
అంటూ డ్యాష్‌బోర్డు నెత్తిన పిడికిలి ఆనించి చూపాడు.
ఆ మేరకు తోలు నున్నబడి ఉంది
దర్గా గడపలాగ.

ఇంతకు ముందు ఒకడు ఫ్యూజు మార్చాడు. ఒకడు బ్యాటరీ.
ఇంకొకడు బైకు మీటరు బిగిస్తానన్నాడు.
వాణ్ణి తల్చుకుని ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం.

గవర్నర్‌పేటలో టీవీలు బాగు చేసే సిలార్ బాబాయి
నా చేతికి టంకం కడ్డీ ఇస్తూ చెప్పింది ఒక్కటే:
"తప్పు చేస్తుండగానే పట్టుకోవాల్రా తప్పుని.
బుద్ధిగా ఉన్నప్పుడు దాని జోలికి పోకు."

పదమూడు మరలు ఊడదీశాను.
పద్నాలుగోది లేదు. మనకన్నా ముందే ఎవడో వచ్చి పోయాడన్నమాట.
బోర్డు నా ఒళ్లో, వైర్ల పేగులు ఇంకా కారులో.
అంకెలు మాత్రం ఏమెరగనట్టు వెలుగుతూనే ఉన్నాయి.

హెయిర్ డ్రయ్యరు పట్టాను (మా ఆవిడది, అడగలేదు).
ట్రిప్పు మీటరు చివరి ఎనిమిది మూడైంది,
మూడు ఒకటైంది,
ఒకటి ఆరిపోయింది.
చెరుకురసం బండి నుంచి ఐసుముక్క తెచ్చి
ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆనిస్తే
మళ్లీ ఎనిమిది.

ఇక పెన్సిలు తిరగేసి
పుచ్చకాయ ఎంచినట్టు ఒక్కో అతుకునీ తట్టుకుంటూ పోయాను.
మధ్యాహ్నం అన్నం క్యారేజీలోనే చల్లారింది.
మూల మీద, లావుపాటి కనెక్టరు ఆరో కాలు దగ్గర
తట్టాను, ఆరింది.
తట్టాను, వెలిగింది.

భూతద్దంలో చూద్దును గదా,
టంకం చుక్క చుట్టూ వెంట్రుకవాసి గీత,
చంద్రుడికి గుడి కట్టినట్టు.
బందరు రోడ్డు గుంటలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి
గీసిపోయిన గీత.

పాతది పీల్చేసి కొత్త చుక్క పెట్టాను.
గుగ్గిలం పొగ ఒకటి లేచి కళ్లలోకి వచ్చింది.
పక్క కాళ్లకూ పెట్టాను, అడక్కపోయినా.
వాటికీ అదే వయసు.

"ఆరిపోయినప్పుడు నడిచిన కిలోమీటర్లో?"
"లెక్కలోకి రావండి."
ఆయన అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.
"మా ఆవిడకి నొప్పులొచ్చిన రాత్రి
తెనాలి నుంచి వచ్చాం. మొత్తం చీకటే.
ఎంత స్పీడులో వచ్చానో
ఇప్పటికీ తెలీదయ్యా."

నేనేం అనలేదు. పదమూడు మరలూ బిగించి
పద్నాలుగోది నా డబ్బాలోంచి వెతికి వేశాను.

పొద్దు వాలాక బ్యారేజీ మీదికి తీశాం.
గేటు గేటుకీ అతుకు,
అతుకు అతుక్కీ ధడ్‌మని దెబ్బ.
అంకెలు బెదరలేదు.
నలభై ఒకటి. నలభై రెండు. నలభై.

సీతానగరం వైపు దిగుతుండగా
అలవాటుకొద్దీ ఆయన పిడికిలి లేచింది.
గాలిలో ఆగింది.
ఏం చెయ్యాలో తోచక
నున్నబడ్డ ఆ చోటనే వేళ్లు విప్పి ఆనించి
కొండ మలుపు దాకా
అలాగే ఉంచాడు.