తెగిన చోట

నలభై ఏడు – పద్దెనిమిది.
చిత్తూరు నుంచి నగరికి ఆఖరి బస్సులో
ఎవురూ ఆ అంకెలు పలకలేదు.
కండక్టరొకడే "ఏమబ్బా, కప్పు యాడ?" అన్నాడు,
పది టికెట్లు చించి
చిల్లర దిగేటప్పుడిస్తానన్నాడు. ఇయ్యలేదు.

యువరాజు కిటికీ పక్కన కూర్చున్నాడు.
పద్దెనిమిదిలో పద్నాలుగు వాడివే.
పేపర్లో వాడి ఫోటో వస్తాది,
ఒక కాలు మడిచి, గాల్లో, గీత దాటతా.
ఆ ఫోటో అంచులో సగం తెగిన మోచెయ్యి ఒకటుంటాది.
అది నాది.

నేను లెఫ్ట్ కవరు.
పదకొండేండ్లుగా అదే తావు.
గెలిస్తే ఎవురు పట్టినారని అడగరు,
ఓడితే ఎవురు వదిలినారో
టీ అంగడిలో గ్లాసులు కడిగే పిల్లోడు కూడా చెప్తాడు.

ఆ రాత్రి సెల్లులో ఆటను వెనక్కి తిప్పి తిప్పి చూసినాను.
మొదటి తూరి రైడరు కాళ్ళ వంక,
రెండో తూరి మా చేతుల వంక.
కుప్పమోళ్ళ రైడరు అంత మొనగాడేం కాదు.
దొరవేలు నా వేలికొసలు పట్టుకోనుండాడు.
వేలికొసలు!
చెమట అంటుకుంటాదేమో అన్నట్టు.
ఆ సందులోనే దూరిపోయినాడు వాడు,
పదమూడు సార్లు, లెక్కబెట్టినాను.
మూలలో మస్తాను మడమ పట్టి ఈడ్చుకుపోతా ఉంటే
మేం నిలబడి చూస్తా ఉండాం,
బొమ్మలాటకొచ్చినోళ్ళ మాదిరి.

తెల్లారి ఏకాంబరకుప్పంలో మగ్గాల షెడ్డు.
మేస్త్రి చెంగల్రాయులు ఏ ఆటా ఆడినోడు కాదు.
జరిగిందంతా చెప్పినాను, వినలేదనుకున్నాను.
పడుగులో పోగొకటి తెగింది. మగ్గం ఆపినాడు.
రెండు కొసలూ పెదాల మీద తడిపి
ఒకదాని మీద ఒకటి ఎక్కించి ముడేసినాడు.
"కొసా కొసా ఆనిస్తే అది ముడి కాదబ్బోడా.
ఒకటి ఇంకోదాని మీదికి పోవల్ల."
మళ్ళీ మగ్గం తిప్పినాడు.
ఇంకేం చెప్పలేదు, చెప్పినా ఆ మోతలో వినపడదు.

ఆ పొద్దు నుంచి మణికట్టు.
వేళ్ళు కాదు, అరచెయ్యి కాదు, మణికట్టు.
లుంగీ అంచు చించి నా చేతికీ దొరవేలు చేతికీ కట్టుకున్నాం.
నాలుగు దినాలు పడినాం, లేచినాం, తిట్టుకున్నాం.
టీ అట్లనే తాగబోతే నా గ్లాసు వాడి చొక్కాలో పడింది.
వాడి ఎడమ మోకాలు బరువు మోయదని
అయిదో దినం తెలిసింది నాకు.
పుత్తూరుకు పోయి రెండు తూర్లు కట్టు కట్టించుకున్నాడంట.
పదకొండేండ్లు పక్కపక్కనే నిలబడినాం.
"చెప్పలేదేంరా?" అంటే
"నువ్వడగలేదే" అన్నాడు.
ఇప్పుడు నేను అరడుగు ముందు పోతా ఉండా.

"రైడింగు ఎప్పుడు నేర్పిస్తారు?" అని యువరాజు నవ్వినాడు.
"నువ్వు మా మీదికి రావల్ల, దినానికి నలభై తూర్లు" అన్నాను.
వాడి నవ్వు మూడో దినానికి నిలిచిపోయింది.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
నగరి మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుంది.
షెడ్డు వెనక ఇసక, వెన్నెల లేదు.
యువరాజు కనపడలేదు, వాడి కూతొకటే
కబడ్డి కబడ్డి కబడ్డి
ఎడమకొచ్చింది, తగ్గింది, మస్తాను వైపు వంగింది.
దొరవేలు మణికట్టులో నరం బిగిసింది నా వేళ్ళ కింద.
నేను అనుకోలేదు. కాలు అప్పుడికే పోయింది.
ఆరుగురం ఒకేసారి మీద పడినాం.

కూత తెగింది.

కింద నుంచి "వదలండిరా, కరెంటొచ్చింది" అన్నాడు.
వచ్చింది.
ఒక్కో షెడ్డులో ఒక్కో మగ్గం మొదలుపెడతా ఉండాది,
షావుకారి పేరుపేరునా పిలుస్తా ఉండాడు.
ఎవురమూ వదల్లేదు,
ఇంకా రవ్వంత సేపు.

కుప్పమోళ్ళతో ఆట వచ్చే ఆదివారం.
ఏమవుతాదో తెలీదు.
దొరవేలు మోకాలికి నూనె కాచల్ల ముందు.