చెవికి అందదని

చిత్తూరు బస్టాండు వెనక సందులో
మామిడికాయల లారీలు వెనక్కి తిరిగే మూల మా షాపు.
రెండు కంప్యూటర్లు, ఒక స్టూలు, సగం రెక్క విరిగిన ఫ్యాను.
పాత క్యాసెట్లను ఫోనులోకి దింపుతాం.

యాదమరి నుంచి చెంగల్రాయుడు వచ్చినాడు.
పద్దెనిమిది రోజుల భారతంలో
ముప్పై ఏళ్లు దుర్యోధనుడి వేషం కట్టినవాడు.
గుడ్డసంచిలోంచి, రబ్బరు బ్యాండు చుట్టిన
తొంభై నిమిషాల క్యాసెట్టు ఒకటి తీసి
"దీంట్లో గుర్రప్ప ఉండాడు పాపా,
పదిలంగా దింపు" అన్నాడు.

క్యాసెట్టును తొందర పెట్టలేం.
గంటన్నర పాడిందానికి గంటన్నర పడుతుంది.
అంతసేపూ స్క్రీను మీద కనబడిన ప్రతి మాటకీ
అర్థం అడగతానే ఉన్నాడు.

పక్క సీటు పిల్లోడి వీడియోలో ఆ తిరిగే సున్న ఏంది?
బఫరింగ్ తాతా. ముందుగా కొంత తెచ్చి పెట్టుకుని చూపిస్తుంది,
తెచ్చింది అయిపోతే అట్లా తిరుగుతుంది.
"ఓ, నాకు కిరీటం కట్టేదాకా
తెర ముందర మా హాస్యగాడు ఉండె.
వాడి జోకులు అయిపోతే ఇదే గతి."

కోడెక్ అంటే?
మడత పెట్టేది, మడత విప్పేది.
పెట్టిన తీరు తెలియని ఫోను
విప్పలేక నల్ల తెర చూపిస్తుంది.
ఈసారి నవ్వలేదు.
"నా వేషం పావడ మడతలు గుర్రప్పకే తెలుసు.
వాడు పోయినాక పెట్టె తెరిచి
ఊరికే చూసి మళ్లీ మూసినా."

బిట్‌రేట్ అంటే బెల్లం పాకం ధార అన్నాను,
సెకనుకు ఎంత పోస్తామనేది.
అందరికీ పోసే నూట ఇరవై ఎనిమిదే ఆయనకూ పోసి
ఎంపీత్రీ చేసి, హెడ్‌ఫోన్ చెవులకు తగిలించినాను.

చాలాసేపు విన్నాడు.
వెనక్కి పెట్టమన్నాడు, మళ్లీ విన్నాడు.
"హార్మోనీ ఉండాది. మద్దెల ఉండాది.
నేనైతే కొండంత ఉండాను.
గుర్రప్ప యాడ?"

చెప్పక తప్పింది కాదు.
పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం
చెవికి ఎట్లాగూ అందదని లెక్కగట్టి
తీసి పారేస్తుంది తాతా, సైజు తగ్గాలని.
ఎవరికీ తెలియదు.

"ఎవరి చెవికి అందదని?"

మామూలు చెవికి, అన్నాను.
ఆ మాట నాకే బాగాలేదు.
ఎన్ని వేల పాటలు ఇట్లా దింపినానో ఈ స్టూలు మీద కూర్చుని,
ఎవరెవరిని ఊడ్చేసినానో.

గుర్రప్ప పాటగాడు కాదంట.
తెర పక్కన నిలబడి
ఈయన మరిచిపోబోయే పద్యానికి మొదటి మాట
హార్మోనీ కింద, పెదాలు కదపకుండా అందించేవాడంట.
"మైకు నాకోసం పెట్టిందే.
వాడు దాంట్లో ఊరికే తగులుకున్యాడు."

మళ్లీ మొదటినుంచి.
ఈసారి ఏమీ తీయకుండా, వేవ్ ఫైలు.
తొమ్మిది వందల యాభై ఎంబీ.
ఫోన్లో అంత చోటు లేదు.
గులాబీల గుడ్ మార్నింగులు పోయినాయి,
లోను ఇస్తామనే వీడియోలు, సగం సినిమా ఒకటి పోయినాయి.
కొత్త కుర్రోడు దుర్యోధనుడు కట్టిన
మొన్నటి హెచ్‌డీ వీడియో దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు.
"అది ఉండనీ. పాపం, వాడికి వెనక ఎవురూ లేరు."

చీకటి పడినాక ఫైలు ఎక్కింది.
ఒక చెవిబుడ్డ ఆయనకు, ఒకటి నాకు.
వాల్యూమ్ కొసకంటా పెంచినాను.
హార్మోనీ, మద్దెల, కొండంత గొంతు.
నాకు ఇంకేమీ వినపడలేదు.
నాది నూట ఇరవై ఎనిమిది చెవి.

నలభై రూపాయలు తాతా, అన్నాను.
సందులో లారీ వెనక్కి వస్తా కూత పెడతా ఉంది.
నా మాట వినలేదు ఆయన.
పద్యానికి అర క్షణం ముందు
ఎవరో పిలిచినట్టు తల తిప్పి
"ఆఁ" అన్నాడు.