రెండున్నర సెంట్లు

ఉపగ్రహానికి ఒక గడి అంటే
పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు.
భీమవరంలో ఆ లెక్క ఎవరికీ ఎక్కదు.
రెండున్నర సెంట్లండీ అంటే
ఆటో ఏసుబాబు వెంటనే తలూపాడు:
"ఇల్లు కట్టుకుని, వెనక బోరుకి చోటొదులుకోవచ్చు. ఆయ్."

రెండున్నర సెంట్లకి ఒక్కటే రంగు.
అందులో ఏం పెరిగినా, ఎవరు కాపురమున్నా
ఒక్కటే అంకె.

ఐదు రోజులకోసారి, పొద్దున్న పదిన్నరకి,
ఏడొందల ఎనభై కిలోమీటర్ల పైనుంచి
ఊరిని ఒకసారి చూసి వెళ్తుంది.
మబ్బుంటే చూడదు.
జూన్ నుంచి అక్టోబరు దాకా
నా దగ్గరున్న భీమవరం అంతా దూదే.

నా పటంలో ఆకు ఎర్రగా ఉంటుంది.
రొయ్యల చెరువులు నల్లగా,
తుడిచి ఆరబెట్టిన పలకల్లా
ఒకదాని పక్కన ఒకటి, ఊరి గడప దాకా.
ఆ నలుపులో మా మేనమామ మూడెకరాల వరిచేను ఎక్కడో
వెతకడం మానేశాను.
జీతమిచ్చేది అందుక్కాదు.

ఊరు మొత్తంలో అన్నిటికన్నా ఎర్రటి గీత ఒకటి దొరికింది,
వంకర్లు తిరుగుతూ, ఊరి నడుముకి మొలతాడులా.
సున్నా పాయింటు ఎనిమిది.
ఎన్నో అడవులకి అంత రాదు.
సంబరపడి వెళ్ళి చూస్తే
యనమదుర్రు డ్రెయిను.
నీళ్ళు కనపడకుండా గుర్రపుడెక్క, ఊదాపూలతో సహా,
ఆసుపత్రి వెనక, చేపల మార్కెట్టు వెనక,
అందరి వెనక.
ముక్కు మూసుకుని రాసుకున్నాను:
పట్టణంలో అత్యంత పచ్చని ప్రదేశం.

కొత్త లేఅవుటులో పార్కు మాత్రం బూడిద రంగులో వచ్చింది.
మీ మిషను పాడైందన్నారు ఆఫీసులో.
వంగి గిల్లి చూశాను. ప్లాస్టిక్ గడ్డి.
మోసపోయింది మన కళ్ళే,
పైనున్నదాన్ని అనకూడదు.

కానుగచెట్టు సంగతి వేరు.
ఐసు ఫ్యాక్టరీ సందు మలుపులో,
సరిగ్గా నాలుగు గళ్ళు కలిసే మూల మీద పుట్టింది.
నాలుగూ తలా కాసిన్ని కొమ్మలు పట్టుకుపోయాయి,
తండ్రి పోయిన పదమూడో రోజున అన్నదమ్ముల్లా.
ఎవరి వాటాలోనూ అది చెట్టు కాలేదు.
నాలుగు చోట్లా "కట్టడం" అని రాసింది కంప్యూటరు.
కంప్యూటరు అంటున్నాను గానీ
దానికి నేర్పింది నేనే.

ఆ చెట్టు కింద పల్లాలమ్మ మజ్జిగ అమ్ముతుంది.
రొయ్యల షెడ్డు నుంచి ఆడవాళ్ళు వస్తారు,
ఐసులో నాని తెల్లబడ్డ వేళ్ళతో
గ్లాసు పట్టుకోవడానికి కాస్త తడబడతారు.
గోడవార పెయింటు డబ్బాల్లో గోంగూర,
కుంటి కుర్చీ మీద ఒక కరివేపాకు మొక్క.
"ఇయ్యన్నీ పైనుంచి కనపడతాయా?"
"లేదమ్మా."
"నేనో?"
"మీరూ కనపడరు."
"మంచిదే. పన్నెయ్యరు."

అందరూ నవ్వారు.
ఈ పటం ఎవరి బల్ల మీదికి వెళ్తుందో నాకు తెలుసు.
చెట్టు లేని చోట రోడ్డు గీత జరపడానికి
వాళ్ళు ఎవర్నీ అడగక్కర్లేదు.

థర్మామీటరు తీశాను.
రోడ్డు మీద ముప్ఫై ఎనిమిది, ఇక్కడ ముప్ఫై మూడు.
ఏసుబాబు టేపు ఒక కొస పట్టుకుని
నీడ అంచు దాకా నడిచాడు: ఏడు మీటర్లు, జానెడు తక్కువ.
"ఇందులో ఎంతమందున్నారో కూడా రాయండి."
నా ఫారంలో దానికి గడి లేదు.
మార్జిన్లో రాశాను:
పదకొండు మంది, ఒక కుక్క, సగం ఖాళీ అయిన కుండ.

"ఎప్పుడొస్తాదండీ అది?"
గడియారం చూశాను. పదిన్నర దాటి రెండు నిమిషాలు.
ఇప్పుడే వెళ్ళింది అన్నాను.
పల్లాలమ్మ గరిటె పట్టుకునే తలెత్తి చూసింది.
ఆకులే ఉన్నాయి.